ఓట్లు మనవి, గొడుగు ఎవరిది? సర్దార్ గౌతు లచ్చన్న ఎన్నికల జీవితం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరంలోని బారువలో 1909 ఆగస్టు 16న గౌతు లచ్చన్న పుట్టారు. వాళ్లది శ్రీశయన కులం. తాటి, ఈత చెట్లెక్కి కల్లు గీయడం ఆ కులం వృత్తి. జనం ఆయన్ని సర్దార్ అని పిలుచుకున్నారు. దళిత ఉద్యమంలో ఉన్న మనకు ఆయన బీసీ నాయకుడిగా తెలుసు. మేము ఆయన జీవితాన్ని రెండు ప్రశ్నలతో చదువుతున్నాం. ఆధిపత్య కులాలకు చెందని మనిషి, రిజర్వేషన్ లేని జనరల్ స్థానంలో పదేపదే ఎలా గెలిచారు? అలా పోగైన బలం చివరికి ఎవరికి అక్కరకొచ్చింది?

ఆయన రాజకీయం ఉప్పు సత్యాగ్రహంతో, జైలుతో మొదలైంది. ఆ తర్వాత ఎన్.జి. రంగా శిష్యుడిగా రైతు ఉద్యమంలోకి వచ్చారు. అప్పట్లో ఈ ప్రాంతం జమీందారీల కింద నలుగుతోంది. అఖిల భారత కిసాన్ సభ మహాసభ 1940లో పలాసలో జరిగింది. అదే ఏడాది ఏప్రిల్ 1న మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. గున్నమ్మ ప్రాణం కోల్పోయింది అక్కడే. లచ్చన్నకు తర్వాత ఓట్లు వేసిన ఊళ్లు ఈ అనుభవం నుంచి వచ్చినవి.

1951లో రంగా, లచ్చన్న కాంగ్రెస్‌ను వదిలి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. 1952లో మొదటి సార్వత్రిక ఎన్నికలొచ్చాయి. లచ్చన్న సోంపేట నుంచి మద్రాసు శాసనసభకు గెలిచారు. ఆ తర్వాత 1955, 1962, 1967, 1978 ఎన్నికల్లోనూ సోంపేట ఆయనకే పట్టం కట్టింది. పార్టీ పేరు మారుతూ వచ్చింది, ఓటరు మాత్రం మారలేదు. సొంత వృత్తి కులంతో పాటు చిన్న రైతులు, ఇతర వెనుకబడిన కులాలు కలిసి నిలబడితేనే జనరల్ స్థానంలో ఇలాంటి గెలుపు సాధ్యం. బహుజన ఐక్యత అనే మాట ఇంతగా వాడుకలోకి రాకముందే దాని లెక్క సోంపేటలో సరిపోయింది.

ఆ బలం ఏం చేయగలదో 1954లో రాష్ట్రమంతా చూసింది. మద్రాసు ప్రభుత్వం 1948 నాటికి రాష్ట్రమంతటా మద్యనిషేధం అమలు చేసింది. దాన్ని తెచ్చినవాళ్లు నీతి మాట్లాడారు. చెట్టెక్కే కులాలకు మాత్రం అది కూడు పోవడం, దొంగచాటుగా గీస్తే కేసు, జైలు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక కూడా ఆ చట్టం కొనసాగింది. నిషేధాన్ని ఎత్తేయాలని రామమూర్తి కమిటీ సిఫారసు చేసినా టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం అమలు చేయలేదు. లచ్చన్న గీత కార్మికుల తరఫున ఆందోళనకు దిగారు. 1954 నవంబరులో ఇదే అంశం మీద అవిశ్వాస తీర్మానం వచ్చి, 69-68 ఓట్లతో నెగ్గింది. ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. కులవృత్తి మీద బతికేవాళ్ల గోడు ఒక ముఖ్యమంత్రిని గద్దె దింపిన సందర్భాలు మన చరిత్రలో ఎన్నున్నాయి?

1955 ఎన్నికల తర్వాత బెజవాడ గోపాలరెడ్డి మంత్రివర్గంలో లచ్చన్న చేరారు. దామోదరం సంజీవయ్య కూడా అదే మంత్రివర్గంలో ఉన్నారు. ఒకరు గీత కులం, ఒకరు మాల కులం. సంజీవయ్య 1960లో ముఖ్యమంత్రి అయ్యేనాటికి లచ్చన్న దారి వేరైంది. 1959లో రాజాజీ, రంగా ప్రారంభించిన స్వతంత్ర పార్టీకి ఆయన రాష్ట్రంలో ముఖ్య నాయకుడయ్యారు.

దళిత పాఠకులుగా మనం ఆగి చూడాల్సిన మలుపు ఇదే. 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టింది రాజాజీయే. 1953లో పిల్లలు సగం పూట తండ్రి వృత్తి నేర్చుకోవాలన్న విద్యా పథకం తెచ్చిందీ ఆయనే. కుల విద్య అని జనం దాన్ని తిప్పికొట్టారు. గీత కులం నుంచి వచ్చిన నాయకుడు ఆయన పార్టీలో నిలబడ్డారు. అంతకన్నా పెద్ద చిక్కు భూమి దగ్గర వచ్చింది. భూపరిమితిని, సహకార వ్యవసాయాన్ని స్వతంత్ర పార్టీ గట్టిగా వ్యతిరేకించింది. సొంత చెక్క ఉన్న రైతుకు అది రక్షణగా కనిపించవచ్చు. ఆ చెక్కలో కూలికి పోయే మాల, మాదిగ కుటుంబానికి మిగులు భూమి మీద ఉన్న ఆశను అది మూసేసింది. రైతు అనే ఒక్క మాట కింద భూమి ఉన్నవాడు, లేనివాడు ఇద్దరూ ఉన్నారు. మాట్లాడే హక్కు మాత్రం ఉన్నవాడికే దక్కింది.

1967లో స్వతంత్ర పార్టీ రాష్ట్ర శాసనసభలో 29 స్థానాలు గెలిచింది. లచ్చన్న సోంపేటతో పాటు శ్రీకాకుళం లోక్‌సభ స్థానమూ గెలిచారు. 1952 నుంచి బొడ్డేపల్లి రాజగోపాలరావు గెలుస్తూ వచ్చిన స్థానమది. అదే ఎన్నికల్లో రంగా ఓడిపోయారు. లచ్చన్న లోక్‌సభ స్థానానికి రాజీనామా చేశారు. ఉప ఎన్నికలో రంగా శ్రీకాకుళం నుంచి గెలిచి పార్లమెంటుకు వెళ్లారు. దీన్ని గురుభక్తిగా, త్యాగంగా చెప్పుకోవడం అలవాటు. మేము దాన్ని కాదనడం లేదు. కానీ ఉత్తరాంధ్ర వెనుకబడిన కులాలు గెలిపించిన సీటులో గుంటూరు జిల్లా కమ్మ నాయకుడు కూర్చున్నారు. ఇలాంటి త్యాగం ఎప్పుడూ కింది నుంచి పైకే ఎందుకు జరుగుతుందన్నది మా ప్రశ్న.

ఆ సంవత్సరాల్లోనే ఉద్దానంలో మరో దారి తెరుచుకుంది. బొడ్డపాడు యువకులు ఓటు పెట్టెను నమ్మకుండా శ్రీకాకుళ సాయుధ పోరాటంలోకి వెళ్లారు. పంచాది కృష్ణమూర్తి 1969లో పోలీసుల చేతిలో చనిపోయారు. ఒకే తీరంలో కొందరు శాసనసభను నమ్మారు, కొందరు అడవిని నమ్మారు. భూమి ప్రశ్నకు శాసనసభ జవాబు చెప్పి ఉంటే అంతమంది అడవి బాట పట్టేవాళ్లా?

లచ్చన్న తర్వాత జై ఆంధ్ర ఉద్యమంలో ముందు నిలిచారు. ఎమర్జెన్సీలో జైలుకెళ్లారు. 1978లో జనతా పార్టీ 60 స్థానాలు గెలిచినప్పుడు ప్రతిపక్ష నాయకుడయ్యారు. వెనుకబడిన తరగతుల రిజర్వేషన్ల కోసం గట్టిగా మాట్లాడారు. అనంతరామన్ కమిషన్ 1970లో నివేదిక ఇచ్చాక బీసీలకు 25 శాతం దక్కిందంటే ఆ తరం ఒత్తిడి దాని వెనుక ఉంది. 2006 ఏప్రిల్ 19న ఆయన కన్నుమూశారు. తోటపల్లి బ్యారేజీకి ఆయన పేరుంది.

ఆ తర్వాత వారసత్వం కుటుంబంలో సాగింది. కొడుకు గౌతు శ్యామసుందర శివాజీ 1985 నుంచి తెలుగుదేశం తరఫున సోంపేటలో గెలుస్తూ వచ్చారు. 2009లో సోంపేట నియోజకవర్గం రద్దయి పలాస ఏర్పడింది. 2014లో పలాసలో ఆయన గెలిచారు. 2024లో మనవరాలు శిరీష గెలిచారు. ఇంటిపేరు నిలబడింది. గొడుగు మాత్రం ఇప్పటికీ మరొకరిదే.

లచ్చన్న రోజుల్లో స్థానిక సంస్థల్లో బీసీలకు ఈనాటి లాంటి రిజర్వేషన్ లేదు. ఇప్పుడు పలాస-కాశీబుగ్గ మున్సిపల్ కౌన్సిల్లోనూ, టెక్కలి, ఉద్దానం పంచాయతీల్లోనూ ఎస్సీ, ఎస్టీ, బీసీ స్థానాలున్నాయి. అంటే గెలవడం అప్పటికన్నా తేలిక. గెలిచాక ఎవరి మాట వినాలన్నదే మిగిలిన సమస్య. గెలిచే లెక్క లచ్చన్న మనకు నేర్పారు. ఆ లెక్కలో భూమిలేని దళిత కూలీని మొదటి వరసలో నిలబెట్టడం, గెలిచిన సీటును మనవాళ్ల చేతుల్లోనే ఉంచుకోవడం ఆయన వదిలివెళ్లిన పని. అది మన తరం చేయాలి.