తాతా వాస్కో

మెక్సికో దేశమున మిచోవకాన్ రాష్ట్రమందు, సరస్సు చెంత, పెంకుటిండ్లతో నొప్పు చిన్న పట్టణము పాట్స్కువారో. ఆ పట్టణపు పెద్ద కూడలి నడుమ స్పెయిను దేశీయుడగు వాస్కో దె కిరోగా విగ్రహము కలదు. జయించిన జాతివాడు జితులచే తండ్రి యనిపించుకొనుట చరిత్రలో నరుదు. స్థానికులైన పురేపెచాలు మాత్రము అతనిని నేటికిని ‘తాతా వాస్కో’ యనియే పిలుతురు. వారి నుడిలో తాతా యనగా తండ్రి.

1530లో స్పెయిను అధికారి నూన్యో దె గుస్మాన్ బంగారమునకై పురేపెచా రాజును హింసించి చంపించెను. భయభ్రాంతులైన ప్రజలు ఊళ్లు విడిచి కొండలకు పాఱిపోయిరి. ఇట్టి అక్రమములను చక్కదిద్దుటకై పంపబడిన న్యాయాధికారులలో నొకడుగా కిరోగా 1531లో మెక్సికో నగరము చేరెను. అప్పటికతడు మతాచార్యుడు కాడు, న్యాయశాస్త్రవేత్త. తీర్పులు దోషిని శిక్షింపగలవు గాని చెదరిన కాపురములను నిలుపజాలవని అతడు గ్రహించెను.

ఆంగ్ల రచయిత థామస్ మోర్ ‘యుటోపియా’ గ్రంథమున ఊహించిన సమాజమును కిరోగా నేలపై నిలుపబూనెను. సొంత సొమ్ము వెచ్చించి 1532లో మెక్సికో నగర సమీపమునను, 1533లో పాట్స్కువారో సరస్సు తీరమునను ‘సాంతా ఫే’ అను పేర గ్రామములు నెలకొల్పెను. అచ్చట భూమి ఉమ్మడిది. పని దినమునకు 6 గంటలు. పంటను అవసరమునుబట్టి పంచి, మిగిలినది రోగులకును అనాథలకును ఇచ్చెడివారు. స్థానికులను బానిసలుగా చేయుటను ఖండించుచు 1535లో అతడు విపులమైన వాదపత్రము వ్రాసెను.

1538లో మిచోవకాన్ బిషప్పు పదవి స్వీకరించి, పిమ్మట పీఠమును పాట్స్కువారోకు మార్చెను. 1540లో సాన్ నికొలాస్ కళాశాలను స్థాపించెను. దానిని కట్టినవారు పురేపెచాలు గనుక వారి బిడ్డలకు ఉచితముగా చదువు చెప్పవలెనని మరణశాసనమున నిర్దేశించెను. ఊరికొక చేతిపని నప్పగించినవాడు అతడే యని ప్రతీతి. రాగిపని, కుండలపని పురేపెచాలకు పూర్వమునుండియు తెలిసినవే. ఆ నేర్పునకు గౌరవము కల్పించుటయే అతని ఘనత.

అతడును స్పెయిను రాజు సేవకుడే. ప్రజలు తమ పూర్వమతమును విడువవలెననియే అతని విశ్వాసము. అతడు తలపెట్టిన మహాదేవాలయమున అయిదు శాలలకు ఒక్కటియే పూర్తియయ్యెను. 1565లో అతడు మరణించెను; 1580లో పీఠమును, కళాశాలయు నేటి మొరేలియా నగరమునకు తరలిపోయెను. తరువాతి కాలమున అదే కళాశాలలో చదివి, అధ్యక్షుడైన మిగెల్ ఇదాల్గో 1810లో స్వాతంత్ర్య సమరమునకు శంఖము పూరించెను.

కిరోగా అస్థికలు నేటికిని పాట్స్కువారో దేవాలయముననే యున్నవి. ఆ ప్రాంతమునందలి సాంతా క్లారా గ్రామమున రాగిని కొట్టు సుత్తుల చప్పుడు నేటికిని ఆగలేదు.