జేన్ ఆడమ్సుగారి జీవితము

జేన్ ఆడమ్సుగారు 1860వ సంవత్సరమున అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమందు సీడర్‌విల్ గ్రామమున జన్మించిరి. రెండేండ్ల ప్రాయముననే తల్లి గతించెను. వైద్యవిద్య నారంభించి, అనారోగ్యముచే విడిచిరి. లండనులో బీదలనడుమ విద్యావంతులు నివసించు టాయిన్‌బీ హాలును జూచి వచ్చి, 1889లో ఎల్లెన్ స్టారుగారితో గలిసి షికాగో నగరపు పేదవాడలో హల్ హౌసును తెఱచిరి.

ఆ వాడనిండ ఇటలీ, గ్రీసు, రష్యా మున్నగు దేశములనుండి బ్రదుకుదెరువునకై వచ్చినవారే. వారికి ఇంగ్లీషును, కుట్టుపనిని, వంటను, అమెరికా పౌరులగుటకు దెలియవలసిన ప్రభుత్వ విషయములను నేర్పుచుండిరి.

ఇంతలో నొక చిక్కు గలిగెను. క్రొత్తభాష నేర్చిన పిల్లలు, తలగుడ్డ గట్టి పల్లెమాట లాడు తల్లులను జూచి సిగ్గుపడసాగిరి. (మన యిండ్లలో నిట్టిది లేదందుమా?) ఆడమ్సుగారు 1900లో శ్రమ ప్రదర్శనశాలను నెలకొల్పి, ఆ తల్లులచేతనే కదురుతో నూలు వడికించిరి. ఇటలీ బాలిక యొకతె వంట నేర్చుకొనుటకై వచ్చుచు, తల్లితోడి సంబంధము దెలియకుండుటకై వేఱొక వాకిట బ్రవేశించుచుండెడిది. ఒకనాటి సాయంకాలము ఉపాధ్యాయులు కొందఱు తల్లిచుట్టును జేరి యామె నేర్పును మెచ్చుకొనుచుండుట చూచెను. నాటినుండి తల్లి వచ్చు వాకిటనే తానును రాసాగెను.

1931లో ఆడమ్సుగారికి, మఱియొకరితో గలిపి, నోబెల్ శాంతి బహుమాన మొసగిరి. 1935 మే 21వ తేదీన షికాగోలో మృతినొందగా, స్వగ్రామమున సమాధి చేసిరి.