ఫుట్‌బాల్ గురువు రహీమ్

సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1909వ సంవత్సరమున జన్మించెను. హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసిన ఆయన పిదప ఫుట్‌బాల్ శిక్షకుడై దేశమునకు కీర్తి తెచ్చెను. అలవాటులేని కాలితోనే బంతిని తన్నవలెనని నియమము పెట్టి, పోటీలు నడిపి, ఆటగాండ్రకు రెండుకాళ్ళ నేర్పును అలవరచెను.

ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుమార్లు రోవర్సు కప్పును గెలిచెను. భారతజట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణపతకమును, 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానమును పొందెను.

1962లో జకార్తా ఆసియా క్రీడలనాటికి రహీమ్ క్యాన్సరు వ్యాధితో బాధపడుచుండెను. తొలి ఆటలోనే దక్షిణ కొరియా మనవారిని 2-0తో ఓడించెను. తరువాత వెనుకవరుస ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడెను. రహీమ్ అతనిని విడువక ముందువరుసలో నిలిపెను. తుదిపోటీలో మరల కొరియాయే ఎదురయ్యెను. పి.కె. బెనర్జీయు జర్నైలును చెరియొక గోలు చేయగా 2-1తో స్వర్ణము మనదయ్యెను.

1963 జూన్ 11న రహీమ్ కన్నుమూసెను. నాటినుండి ఆసియా క్రీడల ఫుట్‌బాలులో మనకు మరల స్వర్ణము దక్కలేదు.

విద్యార్థులారా! మీకు కష్టమైన పాఠమునే ముందు సాధన చేయుడు. రెండవ కాలికి బలము వచ్చినది అట్లే గదా!