తవుటి విలువ తెలిపిన ఐక్‌మన్

దంపుడు బియ్యపు అన్నము ముతకగా నున్నదని కంచము త్రోసివేయు బాలురను మేము పెక్కుమందిని చూచియున్నాము. తెల్లని మరబియ్యమే మర్యాదకు గుర్తని యెంచు పెద్దలును లేకపోలేదు. అట్టివారికి హాలండు దేశీయుడగు క్రిస్టియాన్ ఐక్‌మన్ వైద్యుని చరిత్రము చెప్పవలెనని మాకు తోచినది.

ఈయన 1858వ సంవత్సరమున జన్మించెను. 1883లో సైనిక వైద్యుడై, నాడు డచ్చివారి యేలుబడిలోనున్న తూర్పు దీవులకు పోయి, మలేరియా జ్వరముచే కృశించి, రెండేండ్లకే మరలివచ్చెను. మరుసటి యేడు భార్య గతించెను. అయినను ఆ 1886లోనే, బెరిబెరి రోగకారణము కనుగొనుటకు పంపబడిన వైద్యులతో కూడ మరల ఓడ యెక్కి జావా చేరెను. ఆ రోగము వచ్చినవారికి కాళ్లు చచ్చుబడును. కొందఱికి దేహము నీరుపట్టును. తుదకు గుండె సోలి మరణింతురు. జావాలోని సైనికులును ఖైదీలును దానికి విశేషముగా బలియగుచుండిరి. పూర్వము మన సర్కారు జిల్లాలలోను ఈ రోగము కలదు.

సూక్ష్మజీవియే కారణమని ఐక్‌మన్ నమ్మెను. బెర్లినులో కోఖ్ పండితునియొద్ద చదివినవానికి అట్లు తోచుట వింత కాదు. ఎంత వెదకినను ఆ జీవి దొరకలేదు. 1889లో బటేవియా నగరమున, అనగా నేటి జకార్తాలో, ఆయన ప్రయోగశాలలోని కోళ్లు తూలుచు నడచి, పడిపోయి, చావసాగెను. రోగము నెక్కించిన కోళ్లకును ఎక్కింపని కోళ్లకును భేదమే లేదు. ఇంతలో మిగిలినవి తమంతట కోలుకొనెను! విచారింపగా, కొన్ని మాసములుగా వానికి సైనిక వైద్యశాల వంటయింట మిగిలిన తెల్లబియ్యపు అన్నము పెట్టుచుండిరనియు, క్రొత్తగా వచ్చిన వంటవాడు సైనికుల అన్నము సైనికులు కాని కోళ్లకు ఈయనని నిరాకరించెననియు, అందుచే వానికి మరల ముతకబియ్యము దొరకెననియు తేలెను. ఆ వంటవాని పేరు మాకు తెలియదు గాని, వాని మంకుతనమే శాస్త్రమునకు దారి చూపెను.

పిమ్మట తెల్లబియ్యమునకు తవుడు చేర్చి పెట్టగా జబ్బుపడిన కోళ్లు కుదుటపడెను. మనుష్యుల మాటయేమి? వోర్డర్మన్ అను వైద్యాధికారి చెఱసాలలను పరిశీలింపగా, తెల్లబియ్యము తిను ఖైదీలలో 39 మందికి ఒకరు చొప్పున బెరిబెరి కానవచ్చెను. పైపొర పోని బియ్యము తినువారిలో 10,000 మందికి ఒకడైనను లేడు.

ఇంత చూచియు ఐక్‌మన్ పొరపడెను. బియ్యములో విషమున్నదనియు, తవుడు దానికి విరుగుడనియు ఆయన తలంపు. అనారోగ్యముచే 1896లో స్వదేశమునకు పోయెను. ఆయన పనిని కొనసాగించిన గ్రైన్స్ 1901లో అసలు సంగతి తెలిపెను: విషము లేదు, తవుటిలోని అవసరమగు పదార్థమొకటి లోపించుటయే రోగము. ఐక్‌మన్ కాలక్రమమున దీని నంగీకరించెను. 1926లో బటేవియాలోనే యాన్సెన్, డోనాత్ అనువారు ఆ పదార్థమును వేరుచేసిరి. నేడు దానిని థయమిన్, లేక బి1 విటమిన్ అందురు. మన ఉప్పుడు బియ్యము తెల్లగా దంచినను దీనిని కొంత నిలుపుకొనును. వడ్లను నానబెట్టి ఉడికించునపుడు అది గింజలోనికి దిగును.

1929లో హాప్కిన్స్ పండితునితో కలిపి ఐక్‌మనుకు నోబెల్ బహుమాన మిచ్చిరి. వ్యాధిగ్రస్తుడగుటచే దాని నందుకొన ఆయన పోజాలక, మరుసటి యేడు పరమపదించెను. గ్రైన్సుకు ఆ బహుమానములో భాగము లేకపోవుట మాకు న్యాయముగా తోచలేదు.