ప్రకాశము పంతులుగారి విద్యాభ్యాసము - ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారి గురుత్వము

సంస్కృత వాఙ్మయమున శిష్యునకు అంతేవాసి యని పేరు. గురువు సమీపమున వసించువాడని దాని యర్థము. ఇంగ్లీషు పాఠశాలలు వెలసిన పిదప ఈ మాట నిఘంటువులకే పరిమితమైనదని సామాన్యాభిప్రాయము. గంట కొట్టగనే ఉపాధ్యాయుడు ఒక తరగతి నుండి మరియొక తరగతికి పోవు విధానమున, ఒక శిష్యుని పూర్తి బాధ్యతను ఒక గురువు వహించుటకు తావు తక్కువ. అయినను పందొమ్మిదవ శతాబ్ది చివరి పాదమున ఒంగోలు మిషను పాఠశాలలో ఏర్పడిన యొక గురుశిష్య సంబంధము ఈ యభిప్రాయమును సవరించుచున్నది. ఆ శిష్యుడు టంగుటూరి ప్రకాశము పంతులుగారు. గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు.

జననము - బాల్యము

ప్రకాశము 1872 ఆగస్టు 23వ తేదీన ఒంగోలు సమీపమున గల వినోదరాయునిపాలెమున సుబ్బమ్మ, గోపాలకృష్ణయ్య దంపతులకు జన్మించెను. ప్రాథమిక విద్య వల్లూరున సాగినది. వల్లూరు, టంగుటూరు, సింగరాయకొండ ఒంగోలునకు దక్షిణమున, సముద్రతీరమునకు చేరువగా వరుసలో నున్న గ్రామములు. సింగరాయకొండ వరాహ లక్ష్మీనరసింహస్వామి క్షేత్రముగా ప్రసిద్ధము. టంగుటూరు పేరు ప్రకాశము ఇంటిపేరున నిలిచినది. ఈ ప్రాంతమంతయు అప్పుడు నెల్లూరు జిల్లాలోనిది. ఒంగోలు తాలూకా 1904లో ఏర్పడిన గుంటూరు జిల్లాలో చేరగా, సింగరాయకొండ గల కందుకూరు తాలూకా 1970 వరకు నెల్లూరు జిల్లాలోనే యుండెను. ఈ పల్లెల బాలునకు ఇంగ్లీషు చదువు కావలెనన్న ఒంగోలు చేరవలసినదే.

ప్రకాశమునకు పదునొకండవ యేట పితృవియోగము కలిగినది. తల్లి పిల్లలతో ఒంగోలు చేరి పూటకూళ్ల యిల్లు నడిపినది. ఆ కాలపు సంఘమున పూటకూళ్ల వృత్తికి గౌరవము తక్కువ. రాబడి యంతకంటెను తక్కువ. బాలుడు సంపన్నుల యిండ్లలో వారములు చేసికొని చదివెను. పరీక్ష రుసుము మూడు రూపాయలు సమకూడనప్పుడు తల్లి తన పట్టుచీరను తాకట్టు పెట్టినది.

చదువునకు కలిగిన యవరోధము

దారిద్ర్యమొక్కటియే యవరోధము కాదు. ప్రకాశమునకు నాటకములపై మక్కువ మెండు. స్త్రీ పాత్రలను, పురుష పాత్రలను ధరించుచు, అల్లరి మూకల సహవాసమున చదువును ఉపేక్షించెను. నాటి మెట్రిక్యులేషను చదువు అట్టి ఉపేక్షను సహించునది కాదు. ఇంగ్లీషుతో పాటు చరిత్ర, గణితము అందు ముఖ్య విషయములు. క్షేత్రగణిత మనగా యూక్లిడు ప్రతిపాదనలే. పదునెనిమిదవ శతాబ్దిలో జగన్నాథ సమ్రాట్టు రేఖాగణితమను పేర సంస్కృతమున అవతరింపజేసిన శాస్త్రమే యిది. ఒక ప్రతిపాదనము అవగతము కానిదే దానిపై నాధారపడిన తరువాతిది బోధపడదు. చరిత్రయు అంతే, పూర్వ సంఘటన తెలియనివానికి ఉత్తర సంఘటన వట్టి తేదీగా మిగులును. నడుమ తప్పిపోయిన మెట్టును గుర్తించి విద్యార్థిని మరల అచ్చట నిలుపుటకు, ఆ విద్యార్థినే కనిపెట్టి యుండు గురువు కావలెను.

రాజమహేంద్రవర వాసము

నాయుడుగారు బాలుని అల్లరిని మాత్రమే గాక అతని బుద్ధిని, వాక్పటిమను గుర్తించిరి. తాము రాజమహేంద్రవరమునకు నివాసము మార్చుకొనునపుడు ప్రకాశమును వెంట గొనిపోయిరి. ఒంగోలు మీదుగా బెజవాడ, మద్రాసులను కలుపు రైలుమార్గము అప్పటికి పూర్తి కాలేదు. దూరమున నున్న కొడుకును తలచినప్పుడు చూచివచ్చుట తల్లికి సులభము కాదు. అయినను సుబ్బమ్మ యతనిని గురువు వెంట బంపినది. గురువు బ్రాహ్మణేతరుడు, శిష్యుడు నియోగి బ్రాహ్మణుడు. ఆనాటి ఆచారములను తెలిసినవారికి ఈ సహవాసము ఎంత యసాధారణమో విదితమే.

రాజమహేంద్రవరమున నాయుడుగారు శిష్యుని ఎఫ్.ఏ. తరగతిలో చేర్పించిరి. అచ్చట వారు నాటక సమాజమును కూడ నిర్వహించిరి. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు తొలి నాటకములను రచించినది ఆ సమాజము కొరకే. గయోపాఖ్యానమున ప్రకాశము అర్జున పాత్రను ధరించెను. ఇచ్చట గురువు నేర్పు గమనింపదగినది. శిష్యుని చదువును చెడగొట్టిన నాటకాసక్తిని ఆయన నిషేధింపలేదు. తమ కంటి యెదుటికి దెచ్చి క్రమశిక్షణకు లోబరచిరి. ఒంగోలున వ్యసనమైన దానినే రాజమహేంద్రవరమున విద్యగా మార్చిరి. పిదప శిష్యుని న్యాయశాస్త్రాధ్యయనమునకై మద్రాసు పంపిరి.

ఫలశ్రుతి

ప్రకాశము రెండవ తరగతి ప్లీడరై, కొంతకాలము ఒంగోలున, 1894 నుండి రాజమహేంద్రవరమున వృత్తి సాగించెను. 1904లో ఆ పురపాలక సంఘాధ్యక్షుడయ్యెను. మద్యమాంసములను ముట్టనని తల్లికి మాట యిచ్చి ఇంగ్లండు వెళ్లి, బారిస్టరై 1907లో మరలివచ్చి మద్రాసున ప్రఖ్యాతి గాంచెను. క్రమమైన యుపపత్తి, పూర్వ నిదర్శనముల స్మృతి, సభను ఆకట్టు కంఠము న్యాయవాదికి మూడును ముఖ్యములే. మొదటి రెంటికి పాఠశాల విద్య, మూడవదానికి రంగస్థలము పునాదులు. ఆ రెంటిని ఒక్క జీవితమున కలిపినవారు నాయుడుగారు.

అటుపిమ్మటి చరిత్ర లోకవిదితము. పంతులుగారు వృత్తిని త్యజించి 1921లో స్వరాజ్య పత్రికను స్థాపించిరి. 1928లో సైమను కమిషను బహిష్కార సందర్భమున మద్రాసులో తుపాకుల యెదుట రొమ్ము చూపి ఆంధ్రకేసరి యైరి. 1946లో మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రిగను, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రిగను పదవి స్వీకరించిరి. వారి పాలనలోనే 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసినది. 1957 మే 20న పంతులుగారు హైదరాబాదున కీర్తిశేషులైరి. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో వారి పేరు పెట్టబడినది. నెల్లూరు జిల్లా నుండి వచ్చి చేరిన సింగరాయకొండయు ఆ జిల్లాలోనిదే.

నాయుడుగారి పేర జిల్లా లేదు. శిష్యుని చరిత్రలో భాగముగానే వారి చరిత్ర నిలిచినది. తల్లి పట్టుచీర ఒక పరీక్షను గట్టెక్కించినది. గురువు సంకల్పము ఒక జీవితమునే గట్టెక్కించినది. అంతేవాసి యను పదము ఇంగ్లీషు చదువుల కాలమునను సార్థకముగా నుండెననుటకు ప్రకాశము పంతులుగారి విద్యాభ్యాసమే నిదర్శనము. ఆ పదమునకు సార్థకత గూర్చినది పాఠశాల విధానము కాదు, ఒక ఉపాధ్యాయుని యౌదార్యము.