ఫార్వర్డ్‌లు లేని కాలంలోనే ‘ఫ్యాక్ట్ చెక్’.. కడపలో సీపీ బ్రౌన్ చేసిన పని ఇదీ!

మైలవరం, కడప జిల్లా: వేమన పద్యం ఇవాళ ఒక్క టచ్‌తో మైలవరం నుంచి అమెరికా దాకా వెళ్లిపోతోంది. మధ్యలో పదం మారినా, ఇంకెవరిదో పద్యం వేమన పేరుతో తిరిగినా అడిగేవారు తక్కువే. సరిగ్గా ఇదే తలనొప్పి 200 ఏళ్ల క్రితం ఓ ఇంగ్లిష్ అధికారికి ఎదురైంది. ఆయనే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

కలకత్తా టు కడప

బ్రౌన్ 1798 నవంబర్ 10న కలకత్తాలో పుట్టారు. 1817లో మద్రాసు వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1820లో కడపలో ఉద్యోగంలో చేరారు. కచేరీకి వచ్చే జనం మాట వింటూ భాషపై పట్టు సాధించారు.

ఒక్కో ప్రతిలో ఒక్కో మాట

అప్పట్లో పుస్తకమంటే తాళపత్రమే. ఎవరింట్లో ఉంటే వాళ్లదే. చూసి రాసుకునేటప్పుడు తప్పులు దొర్లేవి. ఆ తప్పులే తర్వాతి ప్రతికీ పాకేవి. నోటికి వచ్చిన పద్యాలదీ అదే దారి.

1824లో వేమన పద్యాలపై పని మొదలుపెట్టిన బ్రౌన్, దొరికిన ప్రతులన్నీ తెప్పించారు. పక్కపక్కన పెట్టి పోల్చారు. 1829లో ఇంగ్లిష్ అనువాదంతో కలిపి అచ్చు వేయించారు. కడపలో బంగ్లా కొని, పండితులకు, లేఖకులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి మరెన్నో కావ్యాలకు శుద్ధప్రతులు రాయించారు. ఇందుకోసం అప్పులూ చేశారు. 1852లో తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు వచ్చింది. అందులో కావ్యాల పదాలే కాదు, జనం వాడుక మాటలూ ఉన్నాయి.

మాధ్యమం మారితే..

మాధ్యమం మారితే మనుషుల మధ్య సంబంధాలూ మారతాయని కెనడా మేధావి మార్షల్ మెక్‌లుహన్ 1960లలో వివరించారు. బ్రౌన్ కాలంలో జరిగిందీ అదే. ఒక ఇంటి అటక మీది పద్యం అందరిదీ అయింది. కానీ ఏ పాఠం ఉంచాలి, ఏది వదలాలి అన్నది మాత్రం కొద్దిమంది చేతుల్లోకి వెళ్లింది. ఇంటర్నెట్ వచ్చాక లెక్క తిరగబడింది. పంపే హక్కు అందరికీ వచ్చింది. సరిచూసే పని ఎవరిదన్నదే తేలలేదు.

లండన్‌లో కన్నుమూత

1850లలో ఉద్యోగం వదిలి ఇంగ్లండ్ వెళ్లిన బ్రౌన్, లండన్‌లో తెలుగు బోధించారు. 1884 డిసెంబర్ 12న అక్కడే చనిపోయారు. కడప ఎర్రముక్కపల్లిలో ఆయన బంగ్లా ఉన్న చోటే ఇప్పుడు సీపీ బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం నడుస్తోంది. తాళపత్రాలు, పాత పుస్తకాలు అక్కడ భద్రంగా ఉన్నాయి.