యల్లాప్రగడ సుబ్బారావు – ఆరియోమైసిన్ కథ

ఆరియోమైసిన్ కనిపెట్టింది మన తెలుగువాడేనని మనలో చాలామంది చెప్పుకుంటూ ఉంటాం. ఆ మాట పూర్తిగా నిజం కాదు. అసలు సంగతి తెలిస్తే ఆయన మీద గౌరవం తగ్గదు సరికదా, ఇంకాస్త పెరుగుతుంది.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువులో తొలినుంచీ ఫస్టేమీ కాదు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసరుకు కోపం వచ్చింది. ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఇద్దరు సోదరులను స్ప్రూ జబ్బు పొట్టన పెట్టుకుంది. ఆ దెబ్బే ఆయనను పరిశోధన వైపు తిప్పిందంటారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ, మామగారు ఇచ్చిన డబ్బుతో బోస్టన్ చేరి, ఆస్పత్రిలో రాత్రిళ్ళు పోర్టరు పనిచేస్తూ హార్వర్డులో చదివారు. భార్య శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనేలేదు.

ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి, ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. - ఇవన్నీ హార్వర్డు నాటివి. అయినా అక్కడ పర్మనెంటు ఉద్యోగం మాత్రం రాలేదు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరి, తరవాత పరిశోధన విభాగానికే అధిపతి అయ్యారు.

అప్పటికి చేతిలో ఉన్నవి ప్రధానంగా రెండు. పెన్సిలిన్ సూక్ష్మజీవిని గోడ సరిగా కట్టుకోనివ్వదు. గోడ పలచబడి అది పగిలిపోతుంది. కానీ టైఫస్ లాంటి జ్వరాలకు పనికిరాదు. స్ట్రెప్టోమైసిన్ క్షయకు మందే గాని, సూదిమందుగానే ఇవ్వాలి, చెవులకు ముప్పు. ఈ రెండూ అందుకోలేని జబ్బులకు మందు కావాలన్నది సుబ్బారావుగారి పట్టుదల. విస్కాన్సిన్ యూనివర్సిటీలో రిటైరై డెబ్భై దాటిన వృక్షశాస్త్రవేత్త డగ్గర్ లెడర్లీలో మట్టి నమూనాలు పరీక్షించే పనికి కూర్చున్నారు. మిస్సోరీలోని శాన్‌బోర్న్ పొలం మట్టిలో, 1945లో, బంగారు రంగు సూక్ష్మజీవి దొరికింది. దాన్ని పట్టింది డగ్గరే. ఆ వెతుకులాటను నడిపించి, అది మందుగా మారేదాకా వెనక నిలబడ్డది మనాయన.

ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ల కుటుంబంలో పెద్దక్క. సూక్ష్మజీవి ప్రొటీన్లు తయారుచేసుకునే రైబోజోమ్‌లో 30ఎస్ భాగానికి అతుక్కుని, అమైనో ఆమ్లాలను మోసుకొచ్చే టి-ఆర్.ఎన్.ఏ.ను లోపలికి రానివ్వదు. పని ఆగిపోతుంది, సంతతి పెరగదు. మిగతాది మన ఒంటి రక్షణశక్తి చూసుకోవాలి. అందుకే డాక్టరు చెప్పినన్ని రోజులూ వాడాలి.

ఈ కుటుంబంలోదే డాక్సీసైక్లిన్. నేటికీ స్క్రబ్ టైఫస్, బ్రూసెల్లోసిస్, క్లమీడియా వంటివాటికి రాస్తారు. వైరస్ వల్ల వచ్చే జలుబుకు మాత్రం ఇవేవీ పనిచేయవు, అడిగి మరీ కొనుక్కునేవాళ్ళు ఎంతమందో! టెట్రాసైక్లిన్ పాలతో మింగితే కాల్షియం పట్టేసుకుని ఒంటికి సరిగా అందదు. పళ్ళు పసుపెక్కుతాయి గనుక గర్భిణులకు, చిన్నపిల్లలకు సాధారణంగా ఇవ్వరు. ప్రాణం మీదికొచ్చినప్పుడు డాక్సీసైక్లిన్ ఇవ్వడం వేరే సంగతి.

1948లో ఆరియోమైసిన్ సంగతి లోకానికి వెల్లడైంది. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు నిద్రలో కన్నుమూశారు, వయస్సు 53. మందుకు అమెరికా ప్రభుత్వం అనుమతి డిసెంబరులో వచ్చింది.